బోరు మనదైనా నీళ్లు మనవి కావు

పెందుర్తి, చినముషిడివాడ, సుజాతనగర్, వేపగుంట. పొద్దున్న ఆరున్నరకి ఈ కాలనీల్లో ఏ వీధిలోకి వెళ్లినా గేటు బయట కారు నిలబడి ఉంటుంది. దాని మీద పైపు నీళ్లు పడుతుంటాయి. నురగ రోడ్డు దాటి కాలవలోకి జారుతుంటుంది. ఇదేమిటని అడిగితే వచ్చే సమాధానం ఊరంతా ఒక్కటే. "మా బోరు నీళ్లండీ, కుళాయివి కావు. షాంపూ కూడా ఎకో ఫ్రెండ్లీదే వాడుతున్నాం. వాటర్ వాష్ షాపుకి తోలితే ఇంతకి రెండింతలు పోస్తారు. అయినా ఇది విశాఖపట్నం కదా! పోర్టు బొగ్గు, స్టీలుప్లాంటు దుమ్ము, సముద్రపు ఉప్పుగాలి. రోజూ కడక్కపోతే బండి మిగుల్తుందా?"

ఈ మాట అంటున్నది నిర్లక్ష్యంగా బతికేవాళ్లు మాత్రమే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. మేడ మీద మొక్కలు పెంచేవాళ్లు, బజారుకి గుడ్డ సంచి పట్టుకెళ్లేవాళ్లు, పిల్లలకి నీటి పొదుపు గురించి చెప్పే మాస్టార్లు కూడా ఇదే అంటున్నారు. ఇంట్లో సొంత నీళ్లతో, మంచి షాంపూతో కారు కడుక్కోవడం పర్యావరణానికి మేలు చేసే పని అన్న నమ్మకం మధ్యతరగతిలో గట్టిగా పాతుకుపోయింది. వినడానికి ప్రతి మాటా సబబుగానే ఉంటుంది. విడదీసి చూస్తే ఒక్కటీ నిలబడదు.

ముందు బోరు సంగతి. సింహాచలం కొండల వెనక ఉన్న మన నేల కింద పరుచుకున్నది ఖొండలైట్ రాయి. గోదావరి డెల్టాలో ఉన్నట్టు లోతుగా ఇసుక, ఒండ్రు ఉండి నీటిని ఒడిసిపట్టే భూమి కాదు ఇది. పైన కొంత మేర శిథిలమైన పొర, దాని కింద గట్టి రాయి, ఆ రాతిలో అక్కడక్కడ పగుళ్లు. వాన నీరు ఇంకి ఆ పగుళ్లలో చేరుతుంది. మనం బోరు వేసి లాగుతున్నది ఆ నీటినే. మీ ప్రహరీగోడ ఆ రాతి పగులు దాకా దిగదు. మీ మోటారు ఎక్కువసేపు నడిస్తే నీటిమట్టం పడిపోయేది పక్కింటి బోరులో కూడా. వేసవి వచ్చేసరికి ఒకే వీధిలో ఒకరి బోరు పోస్తుంటే ఇంకొకరిది గాలి కక్కడం అందరం చూస్తున్నాం. కొత్తవాళ్లు అంతకంటే లోతుకి వేస్తారు, పాతవాళ్లు మళ్లీ దింపిస్తారు. ఈ పోటీలో చివరికి ట్యాంకరు కొనుక్కునేది బోరు వేయించుకునే స్తోమత లేనివాడు. అతనికి చాలాసార్లు కారు కూడా ఉండదు.

తన భూమి కింద నీరు తనదే అనుకునే అలవాటుకి చట్టపరమైన మూలం ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం భూయజమానికి తన హద్దుల్లోని భూగర్భజలాన్ని తీసుకునే హక్కుని గుర్తించింది. అవి ఇంటింటా మోటారు లేని రోజులు. బావిలోంచి తోడుకోగలిగినంతే ఆ హక్కు అప్పుడు. ఆ తర్వాత మనమే చట్టాలు మార్చుకున్నాం. 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనేది, బావులనీ బోర్లనీ నమోదు చేయమంది, తాగునీటి వనరుల్ని కాపాడటం కోసం తవ్వకాన్ని అదుపు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 2020 అక్టోబరులో కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ తాగడానికి పనికొచ్చే భూగర్భజలాన్ని వృథా చేయకూడదని పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఉత్తర్వు ఇచ్చింది. బెంగళూరు 2024 మార్చిలో తాగునీటితో వాహనాలు కడిగితే ఐదువేల జరిమానా అంది. అక్కడిదాకా వచ్చాక మేలుకోవడం ఏ ఊరికీ మంచిది కాదు.

ఇక్కడ హుద్‌హుద్ గుర్తు చేసుకోవాలి. 2014 అక్టోబరు 12న తుపాను నగరం మీద పడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు. చాలా ఇళ్లలో బోరుంది. ఒక్క చెంబెడు నీరు పైకి రాలేదు. అప్పుడు బిందెలు పట్టుకుని అందరం ఒకే ట్యాంకరు ముందు నిలబడ్డాం. సొంత బోరు అనేది ఎంత సొంతమో ఆ వారం తెలిసింది. ఆ పాఠం పదేళ్లలో మర్చిపోయాం.

ఎన్ని నీళ్లు పోతున్నాయో చాలామందికి అంచనా లేదు. పైపు పట్టుకున్న చేతికి నీటి బరువు తెలియదు, మోసినవాడికే తెలుస్తుంది. దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఇరవై లీటర్ల బకెట్ కింద పెట్టి, కారు కడిగే పైపే అందులో పెట్టి, నిండటానికి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూడండి. రెండు నిమిషాలు పట్టిందనుకుందాం. అంటే నిమిషానికి పది లీటర్లు. పావుగంట కడిగితే నూటయాభై. నగరాల్లో ఒక మనిషికి రోజు మొత్తానికి, తాగడం, వంట, స్నానం, బట్టలు, మరుగుదొడ్డి అన్నీ కలిపి, మన ప్రణాళికలు లెక్కగట్టే నీరు 135 లీటర్లు. ఒక మనిషి రోజంతా బతకాల్సిన నీటికంటే ఎక్కువ ఒక ఇనుప రేకు మీద నుంచి కాలవలోకి పోయింది. రోజూ కడిగే ఇంట్లో ఇది నెలకి 4,500 లీటర్లు. ఇరవై కార్లున్న అపార్ట్‌మెంటులో 90,000. అదే కారుని పది రోజులకోసారి రెండు పదిహేను లీటర్ల బకెట్లతో కడిగితే నెలకి 90 లీటర్లు. తేడా యాభై రెట్లు. కారు మాత్రం రెండు చోట్లా ఒకేలా శుభ్రంగా ఉంటుంది. నిజానికి రెండోదే ఎక్కువ కాలం కొత్తగా ఉంటుంది, ఎందుకో తర్వాత చెప్తాను.

నీటి పరిమాణం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ నీరు వెళ్లే చోటు. మన ఉత్తరాంధ్రలో వాగుని గెడ్డ అంటాం. పెందుర్తి, చుట్టుపక్కల కాలనీల కాలవలు చాలావరకు పల్లానికి సాగి మేఘాద్రి గెడ్డ పరివాహకంలోకి చేరతాయి. మేఘాద్రి గెడ్డ మీద జలాశయం ఉంది. ఏలేరు, రైవాడ, తాటిపూడి, ముడసర్లోవలతో పాటు విశాఖకి తాగునీరిచ్చే వాటిలో అదొకటి. దాటిన నీరు పోర్టు వైపు సాగి సముద్రంలో కలుస్తుంది. అంటే మీ గేటు ముందు కాలవలో పడ్డ నురగకి ముందున్నది శుద్ధి కేంద్రం కాదు, ఊరు తాగే చెరువు. వంటింటి నీటినీ స్నానాల నీటినీ ఇవాళ్టికివాళ ఆపలేం. కారు కడిగిన నీటిని ఆపగలం. అది మన చేతిలో ఉన్న మురుగు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు ఈ ప్రాంతమంతా రోడ్డు మీద పడి పరిగెత్తింది. ఆ ఫ్యాక్టరీకి దగ్గరలోనే ఈ జలాశయం ఉంది. ఆ విషం నీళ్లలో కలిసిందేమోనని తర్వాత ఎంత భయపడ్డామో మనకి తెలుసు. ఆ భయం న్యాయమైనది. ఫ్యాక్టరీ చేసిన దానికీ ఒక ఇంటి నురగకీ పోలిక లేదు, నేను పెట్టడం లేదు. నేను అడుగుతున్నది ఒకటే: ఆ రోజు మన నీరు అనుకున్న చెరువు, రోజూ పొద్దున్న పైపు పట్టుకున్నప్పుడు ఎందుకు గుర్తు రాదు?

"కానీ షాంపూ ఎకో ఫ్రెండ్లీ కదా" అంటారు. ఈ మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే కొనేవాళ్ల మంచితనాన్ని వాడుకుని అమ్ముతున్న భ్రమ ఇది.

సీసా మీద బయోడిగ్రేడబుల్ అని ఉంటుంది. దాని అర్థం సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టగలవు అని. ఎంతకాలంలో? ప్రపంచమంతా ఎక్కువగా వాడే ఓఈసీడీ పరీక్ష ప్రకారం 28 రోజుల్లో దాదాపు అరవై శాతం విడిపోతే ఆ పదార్థం సులభంగా విచ్ఛిన్నమయ్యేదిగా లెక్క. అదీ ప్రయోగశాలలో, ఆక్సిజన్ అందుతున్న నీటిలో. మీ వీధి కాలవ నీరు గెడ్డలోకి చేరడానికి 28 రోజులు పట్టదు, పూటలో చేరిపోతుంది. పైగా మన కాలవలు చెత్తతో పూడి నల్లగా కుళ్లి ఉంటాయి. వాటిలో ఆక్సిజన్ ఉండదు. బట్టల పొడుల్లోనూ చవక షాంపూల్లోనూ విరివిగా ఉండే సబ్బు పదార్థం, సంక్షిప్తంగా ఎల్ఏఎస్ అనేది, గాలి తగిలే చోట బాగానే విడిపోతుంది, గాలి లేని బురదలో మొండికేస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, విడిపోయేదంతా విషం లేనిది కాదు. సబ్బు చేప మొప్పల మీద పొరని దెబ్బతీయడానికి గంటలు చాలు. నెల రోజుల తర్వాత అది విడిపోతే ఆ చేపకి ఒరిగేదేమీ లేదు. ఫాస్ఫేట్ ఉన్న సబ్బు అయితే విడిపోయాక కూడా గుర్రపు డెక్కకి ఎరువవుతుంది.

మన దేశంలో పర్యావరణ హితమైన వస్తువులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తు ఉంది. 1991లో మొదలైన ఎకోమార్క్. దానికి 2024లో కొత్త నియమాలు వచ్చాయి. ఆ గుర్తు లేకుండా ఆకుబొమ్మ వేసి "ఎకో" అని రాసిన సీసా మీద ఉన్నది కంపెనీ తన గురించి తాను చెప్పుకున్న మాట. దానికి సాక్ష్యం లేదు.

ఒకవేళ షాంపూ నిజంగా అమృతమే అనుకుందాం. అప్పుడు కూడా కారు నుంచి దిగేది షాంపూ ఒక్కటే కాదు. బ్రేకులు అరిగిన పొడిలో రాగి, ఇనుము ఉంటాయి. టైరు అరిగిన పొడిలో జింకు ఉంటుంది. ఇంజను కింద ఆయిలు, గ్రీజు. ఇవన్నీ ఒట్టి నీళ్లతో కడిగినా కాలవలోకే పోతాయి. అమెరికాలో మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న సియాటిల్ వైపు వాన నీరు వాగుల్లోకి రాగానే కోహో జాతి సాల్మన్ చేపలు గుంపులుగా చనిపోతుంటే ఏళ్ల తరబడి కారణం తెలియలేదు. 2020 చివర్లో శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. టైర్లు పగలకుండా రబ్బరులో కలిపే రసాయనం ఓజోన్ తగిలి మారి, ఆ చేపల్ని చంపుతోంది. అది సబ్బు కాదు, ఫ్యాక్టరీ వ్యర్థం కాదు, రోడ్డు మీద కార్ల టైర్ల ధూళి. జర్మనీలో చాలా ఊళ్లలో వీధిలో కారు కడగనివ్వరు. దానికి కారణం కూడా వాళ్ల భూగర్భజలమే. మురికిని దింపడం తప్పు కాదు. దింపిన మురికి ఎక్కడికి పోతుందో చూడకపోవడం తప్పు.

వాటర్ వాష్ షాపు కంటే ఇల్లే నయం అన్న మాటలో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. రోడ్డు పక్కన ఒక ర్యాంపు, ఒక ప్రెషర్ పంపు పెట్టుకుని నడిచే షాపుల్లో నీరు నేరుగా కాలవలోకే పోతుంది. కానీ వాహనాల సర్వీసింగ్ కాలుష్య నియంత్రణ మండలి పరిధిలోకి వచ్చే పని. అక్కడ ఆయిలు, గ్రీజు వేరుచేసే తొట్టి ఉండాలని అడిగే హక్కు మనకి ఉంది. అడిగితే కొన్నైనా మారతాయి. ఇంటి గేటు ముందు అలా అడిగేవాడు లేడు. వానాకాలం ముందు అండర్‌బాడీకి డీజిలో, వాడేసిన ఇంజనాయిలో కొట్టించే అలవాటు మాత్రం షాపులోనైనా ఇంట్లోనైనా ఆపేయాలి. అది రబ్బరు బుష్‌లని ఉబ్బిస్తుంది, దుమ్ముని అంటించుకుంటుంది, మొదటి వానకే సగం కరిగి గెడ్డలో చేరుతుంది.

ఇక అందరూ చివరగా వేసే వాదం, విశాఖ దుమ్ము. దీన్ని కొట్టిపారేయడం అన్యాయం. దుమ్ము నిజం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకి మార్కులు వేసినప్పుడు విశాఖ డెబ్భై దాటి, తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేరింది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని నగరాల్లోనూ విశాఖ ఉంది. పెందుర్తిలో అయితే దీనికి తోడు ఆనందపురం-అనకాపల్లి రోడ్డు మీద లారీలు, గ్రావెల్ ధూళి. బానెట్ మీద వేలితో గీస్తే గీత పడుతుంది. కానీ దీనికి రోజూ పైపు కొట్టడం మందు అనడమే తప్పు, అదీ కారు ప్రయోజనం వైపు నుంచి చూసినా.

మొదటిది ఉప్పుగాలి. బీచ్ రోడ్డులోనో పెదవాల్తేరులోనో ఉన్నవాళ్లు ఈ మాట అంటే అర్థం ఉంది. పెందుర్తి సముద్రానికి పదిహేను కిలోమీటర్లకి పైగా లోపల ఉంది, మధ్యలో సింహాచలం కొండ అడ్డం. మన కార్ల మీద పడే ఉప్పు గాలిలోంచి కంటే బోరులోంచే ఎక్కువ వస్తుందంటే అతిశయోక్తి కాదు. రాతి పొరల్లోంచి వచ్చే ఈ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. గీజరు రాడ్డు మీద, బకెట్ల అంచున, కుళాయి మూతి చుట్టూ కట్టే తెల్లటి పెచ్చు అదే. పొద్దున్న కడిగి తుడవకుండా ఎండలో పెట్టిన నల్లకారు మీద మధ్యాహ్నానికి కనిపించే తెల్లటి చుక్కలు కూడా అవే. రోజు మీద రోజు అలాగే ఎండితే ఆ చుక్కలు క్లియర్ కోట్‌లోకి దిగి మామూలు గుడ్డకి రావు. ఉప్పు పోగొట్టడానికి ఉప్పు నీళ్లు కొడుతున్నాం.

రెండోది తుప్పు. ఈరోజుల్లో కంపెనీ రేకుని ప్రైమరు తొట్టిలో ముంచి, విద్యుత్తుతో పూత పట్టించి, ఆ పైన రంగు, దాని పైన క్లియర్ కోట్ వేస్తుంది. నిగనిగలాడే బానెట్ దుమ్ము పడినంత మాత్రాన తుప్పు పట్టదు. తుప్పు మొదలయ్యేది తలుపుల అడుగు అంచున, మడ్‌గార్డు మడతల్లో, అండర్‌బాడీ అతుకుల్లో, రాయి తగిలి రంగు ఎగిరిన చోట. అక్కడ మట్టి చేరి, తడి ఆరకుండా ఉంటే తుప్పు. రోజూ పైపు కొట్టినప్పుడు పైభాగం అరగంటలో ఆరిపోతుంది. మడతల్లో పేరుకున్న మట్టి మాత్రం రోజంతా తడిగా ఉంటుంది. అలా తుప్పుకి కావలసిన తడిని మనమే రోజూ అందిస్తున్నాం. బురదలో, బీచ్‌లో తిరిగొచ్చినప్పుడు అడుగు భాగం ఒకసారి శుభ్రం చేసి, తలుపుల అడుగున నీరు పోయే చిల్లులు మూసుకుపోకుండా చూస్తే అంతకంటే చాలా తక్కువ నీటితో చాలా ఎక్కువ రక్షణ.

మూడోది దుమ్ము లక్షణం. మన ధూళిలో బొగ్గు పొడి ఉంది, రాతి పొడి ఉంది, ఇనుప రేణువులు ఉన్నాయి. తెల్లకార్ల మీద నెలలు గడిచాక కనిపించే నారింజ రంగు చుక్కలు ఆ రేణువులు రంగు మీదే తుప్పు పట్టడం వల్ల వచ్చినవి. ఇంత గరుకైన ధూళి మీద పొద్దున్నే నాలుగు చెంబులు చల్లి, నిన్నటి గుడ్డతోనే గుండ్రంగా రుద్దితే, అది ఉప్పుకాగితంతో రుద్దడమే. ఎండలో చూస్తే బానెట్ మీద సాలెగూడులా కనిపించే గీతలు ఎక్కువగా ఇలా వచ్చినవే. తర్వాత ఆ గీతలు పోగొట్టడానికి డిటెయిలింగ్ షాపుకి వెళ్తాం. వాళ్లు మిషను పెట్టి క్లియర్ కోట్‌ని అరగదీస్తారు. అది మొత్తమే నలభై, యాభై మైక్రాన్ల మందం. ప్రతిసారీ కొంత పోతుంది, తిరిగి రాదు. రోజూ కడగడం వల్ల కారు కొత్తగా ఉంటుందన్న నమ్మకం చివరికి మనల్ని తీసుకెళ్లే చోటు అది.

ఈ గందరగోళంలోకి ఇప్పుడు కొత్తగా నీరే అక్కర్లేని స్ప్రేలు వచ్చాయి. కొట్టి తుడిచేయడమే. నీరు మిగులుతుంది, నిజమే. కానీ మన దుమ్ము మీద అవి పనికిరావు, రేణువుల్ని రంగు మీదే రుద్దిస్తాయి. నీటిని బొట్లుగా జారిపోయేలా చేసే కొన్ని మైనాల్లో, పూతల్లో పీఫాస్ జాతి రసాయనాలు ఉంటాయి. అవి ప్రకృతిలో దాదాపు విడిపోవు. కొనేముందు అడగండి. జవాబు రాకపోతే కొనకండి.

మరి ఏం చేయాలి అన్నదానికి నా దగ్గర కొత్త మంత్రం లేదు. మొదట రోజూ కడగడం మానాలి. పది రోజులకోసారి చాలు, వానాకాలంలో ఇంకా ఆలస్యమైనా ఫరవాలేదు. అద్దాలు, దీపాలు, నంబరు ప్లేటు మాత్రం రోజూ తడిగుడ్డతో తుడవండి, అవి భద్రత కోసం. పక్షి రెట్ట, చెట్టు జిగురు పడితే ఆ చోటునే వెంటనే నానబెట్టి తీయండి. దానికోసం కారంతా కడగక్కర్లేదు.

కడిగే రోజు పైపు ముట్టుకోకండి. రెండు బకెట్లు, ఒకదాంట్లో సబ్బు నీళ్లు, ఇంకోదాంట్లో ఒట్టి నీళ్లు. మెత్తటి మైక్రోఫైబర్ చేతితొడుగు. మగ్గుతో పైనుంచి నెమ్మదిగా పోసి దుమ్ము ముందు జారనివ్వాలి. టాపు నుంచి కిందికి, ఒక్కో భాగం అయ్యాక తొడుగుని ఒట్టి నీళ్లలో జాడించి, అప్పుడే సబ్బు నీళ్లలో ముంచాలి. చక్రాలు చివర్న, వాటికి వేరే గుడ్డ. ఎండలో వద్దు, సాయంత్రం నీడలో. అయ్యాక వెంటనే పొడిగుడ్డతో ఒత్తి తుడవాలి. బట్టల పొడి, అంట్ల సబ్బు వాడకండి, మైనం పూతని కరిగించేస్తాయి. రిన్స్‌లెస్ వాష్ అని దొరికే ద్రావణాలు ఒక బకెట్‌తో పని ముగిస్తాయి. దుమ్ముని ముందు నీటితో జారనిస్తే అవి మన ఊళ్లో బాగానే పనిచేస్తాయి.

చివరి కడుగుకి ఏసీ నీళ్లు పట్టండి. విశాఖ ఉక్కపోతలో రాత్రంతా ఏసీ నడిస్తే దాదాపు ఒక బకెట్ నీరు గోడ పక్కన కారిపోతుంది. గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చిన నీరది, లవణాలు దాదాపు ఉండవు. దానితో ఆఖరి జల్లు పోస్తే తెల్ల చుక్కలే ఉండవు. ఆర్‌ఓ మిషను వదిలేసే నీళ్లు మాత్రం కారు రంగు మీద పోయకండి. ఆ సలహా చాలామంది ఇస్తున్నారు, కానీ లవణాలు చిక్కబడింది ఆ నీళ్లలోనే. మ్యాట్లు ఉతకడానికి, గచ్చు కడగడానికి వాడండి.

కారు నిలిపే చోటు షాంపూ కంటే ముఖ్యం. సిమెంటు గచ్చు మీద, రోడ్డు మీద కడిగితే నీరు కాలవకే పోతుంది. మట్టి మీదో గడ్డి మీదో కడిగితే రెండు బకెట్ల నీటిలోని సబ్బుని నేలలోని సూక్ష్మజీవులు చాలావరకు తినేస్తాయి. గేటు లోపల మట్టి పాదు తీసి మెట్టతామర వేస్తే ఆ మొక్కకి మురుగునీరు తాగడం అలవాటే. కూరగాయల పాదులోకి, ఇంకుడు గుంతలోకి మాత్రం వదలొద్దు. ఇంకుడు గుంత ఉన్నది వాన నీటికి. అందులో ఆయిలు నీళ్లు పోస్తే మనం తోడుకునే పగుళ్లలోకే దాన్ని నేరుగా పంపినట్టు.

అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే కార్లు తుడిచేవాళ్ల గురించి ఒక మాట. రోజూ కడగడం మానేయమంటే వాళ్ల జీతం కోయమని కాదు. నెలకి ఇచ్చేది అంతే ఇవ్వండి. రోజూ హడావిడిగా చేసే ముప్పై తుడుపులకి బదులు పది రోజులకోసారి శ్రద్ధగా చేసే పని అడగండి. మంచి గుడ్డలు, బకెట్లు మీరే కొనివ్వండి. వాళ్ల చేతులకీ రసాయనాల బాధ తగ్గుతుంది.

"పోర్టు, స్టీలుప్లాంటు నదులకి నదులే తాగుతుంటే నా బకెట్ ఎంత?" అనే మాట మిగిలింది. ఆ కోపం నాకూ ఉంది. బొగ్గు గుట్టల మీద టార్పాలిన్ కప్పకపోతే, నీరు చల్లకపోతే అడగాల్సిందే. ఏలేరు నీరు ఎవరికెంత వెళ్తోందో అడగాల్సిందే. కానీ ఆ కోపం చూపించాల్సింది కలెక్టరాఫీసు దగ్గర, కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణల్లో. గేటు ముందు పైపు విప్పడం ఆ కోపానికి జవాబు కాదు. పరిశ్రమ బొగ్గు పొడి వదిలితే, దాన్ని కడగడానికి మనం మన పిల్లల నీళ్లు ఖర్చు పెట్టుకుంటే, నష్టపోతున్నది పరిశ్రమ కాదు.

పెందుర్తి కాలనీ సంఘాలకి, అపార్ట్‌మెంటు కమిటీలకి నా విన్నపం ఇది. వచ్చే సమావేశంలో ఈ విషయం పెట్టండి. పార్కింగ్‌లో కారు కడిగే పైపు కనెక్షన్ తీసేయించి, బకెట్ పట్టే కుళాయి ఒక్కటి ఉంచండి. కార్లు కడగడానికి కాలవకి దూరంగా ఒక మట్టి స్థలం కేటాయించండి. మీ వీధి కాలవ ఎక్కడికి పోతోందో వార్డు కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. అది మేఘాద్రి గెడ్డలోకే పోతుందని తేలితే, శుద్ధి చేయకుండా వదలొద్దని నగరపాలక సంస్థ జీవీఎంసీకి అందరూ సంతకం చేసి అర్జీ ఇవ్వండి. ఆ సంతకం పెట్టే ముందే మన పైపులు కట్టేసి ఉండాలి.